ఫోటోసిస్టమ్ నంబర్ వన్

"ఇక మీదట పల్నాడుకి కరెంటు ఆకుల్లోంచి వస్తుంది!" అని మంత్రి వీరరాఘవులు గారు నరసరావుపేటలో ప్రకటించగానే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు బ్రహ్మయ్య. ఆకుల్లోంచి కరెంటు ఎట్లా వస్తుందో అతనికి తెలియదు. మంత్రిగారికీ తెలియదు. పార్టీలో అభిప్రాయభేదాలు లేవనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

బ్రహ్మయ్యది పదిహేనేళ్ల సేవ. జెండాలు మోశాడు, ఫ్లెక్సీలు కట్టాడు, మంత్రిగారి మనవడి పుట్టినరోజు కేకుని మాచర్ల నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పాపం, అడిగేది ఒక్కటే. పేరు ముందు 'చైర్మన్' అన్న మాట. మార్కెట్ యార్డుకైనా సరే, మరి దేనికైనా సరే.

"ఈ ఆకు ప్రారంభోత్సవం బాగా జరిపించు, చూద్దాం," అన్నారు మంత్రిగారు. చూద్దామంటే ఇచ్చేసినట్టేనని బ్రహ్మయ్య వీధంతా స్వీట్లు పంచాడు.

కాలేజీ ల్యాబులో ఆ ఆకు కరెంటు కనిపెట్టిన జెస్సీ మేడం అతనికి అరచేయంత గాజుపలక చూపించింది. ఆమె నాలుగేళ్ల కష్టమంతా దాని మీదే ఉంది.

"పాలకూరలోంచి ప్రోటీన్ తీసి దీని మీద పూశానన్నా. ఎండ తగిలితే కరెంటు పుడుతుంది. చానా కొంచెం. ఈ మీటర్లో ముల్లు కదులుతుంది, అంతే."

"ప్రోటీనంటే కోడిగుడ్డులో ఉండేదేగా?"

"ఇది వేరు. దీని పేరు ఫోటోసిస్టమ్ వన్."

బ్రహ్మయ్య చెవులు నిక్కపొడుచుకున్నాయి. "ఫోటో టూ కూడా ఉందా అమ్మా?"

"ఉంది. ఆకులో రెండూ ఉంటాయి."

ఆకుక్కూడా ప్రోటోకాల్ తెలుసునని బ్రహ్మయ్య కళ్ళు చెమర్చాయి. మన దగ్గర మంత్రిగారి బొమ్మ లేకుండా విత్తనాల సంచీ కూడా గోడౌను దాటదు, కరెంటు దాటుతుందా? నంబర్ వన్ ఎవరో అడగక్కర్లేదు. నంబర్ టూ తనే. వెంటనే ఫ్లెక్సీల ఖాదర్ వలి చేత స్టిక్కర్ కొట్టించి, పలక నిండా అతికించి, పైన పట్టుబట్ట కప్పాడు. స్టిక్కర్ మీద మంత్రిగారు నమస్కారం పెడుతున్నారు. మూలన స్టాంపు సైజులో బ్రహ్మయ్య.

ప్రారంభోత్సవం రోజున ఎండ మాడు పగలగొడుతోంది. మంత్రిగారు బట్ట లాగారు. చప్పట్లు. ముల్లు సున్నా దగ్గరే ఉంది. మంత్రిగారు పాలకూర గొప్పతనం మీద కాసేపు ప్రసంగించారు. ముల్లు ఏకాగ్రతతో విన్నది, కదల్లేదు.

"ఏందమ్మా ఇది?" అని మంత్రిగారు జెస్సీ మేడం వైపు తిరిగారు.

"ఎండ తగలట్లేదు సార్. అడ్డం ఉంది."

"ఏం అడ్డం?"

"మీరే సార్."

అధికారులంతా ఒక్కసారిగా ఆకాశంలో ఏదో చూశారు. "నా ఫోటో తీసేస్తేనే కరెంటొస్తదంటావు?" అని మంత్రిగారు చాలా మెత్తగా అడిగారు. బ్రహ్మయ్య పదిహేనేళ్ల సేవ బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. ఎగిరి మైకు అందుకున్నాడు.

"సున్నా! అంటే ఏంది? ప్రజల మీద భారం సున్నా! కరెంటు బిల్లు సున్నా!"

మైదానం ఈలలతో మోగిపోయింది. మంత్రిగారు బ్రహ్మయ్య భుజం తట్టారు.

కాన్వాయ్ సత్తెనపల్లి వైపు తిరగ్గానే జెస్సీ మేడం గోటితో స్టిక్కర్ పీకింది. ముల్లు లేచింది. పిల్లలు కేకలేస్తూ వీడియో తీశారు. పొద్దు గుంకేలోపే అది గురజాల దాకా అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. కింద ఎవడో రాశాడు: మంత్రిగారు పోయారు, కరెంటొచ్చింది.

మర్నాడే విచారణ కమిటీ వేశారు. చైర్మన్: బ్రహ్మయ్య. అతను ఆ ఆర్డరుని మూడుసార్లు చదువుకుని, దేవుడి పటాల ముందు పెట్టి, పసుపు కుంకుమ చల్లాడు.

మొదటి సిట్టింగులో పలకనీ మీటరునీ సాక్ష్యంగా బల్ల మీద పెట్టారు.

"ఫోటో పీకావా అమ్మా?"

"పీకానన్నా."

"అన్నా కాదు. చైర్మన్ గారూ అను. ముల్లు కదిలిందా?"

"కదిలింది చైర్మన్ గారూ."

"రాసుకోండి. కరెంటు పుట్టించినట్టు ఒప్పుకుంది."

అంతలో కిటికీలోంచి ఎండ జరుగుతూ వచ్చి బల్ల మీద పడింది. ముల్లు మెల్లగా లేచింది. రాసుకునే గుమాస్తా కలం ఆగిపోయింది.

"ముందా కిటికీ మూసెయ్యండయ్యా," అన్నారు చైర్మన్ గారు. "ఇక్కడ విచారణ నడుస్తుంటే అది కదలటమేంది?"