మా స్లాబు మీద నాటు టమాటా, దాని మీద కోతులు

కోతులను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. మా సత్తుపల్లిలో కోతులు అడుగుపెట్టని స్లాబు ఏదైనా ఉంటే, ఆ ఇంటివాళ్లు ఏదో పాపం చేసుకున్నారని నా గట్టి నమ్మకం! కోతులు ఉన్నాయి కాబట్టే మా వీధి వీధిలా ఉంది. నవ్వకండి, సాక్ష్యం ఉంది.

మా ఆవిడ కవితకు మార్కెట్ టమాటా అంటే పడదు. "గిదేం టమాట? నేలకేసి కొడితే బంతి లెక్క లేస్తది. పప్పుల ఏస్తే పులుపే లేదు" అని రోజూ సణుగుతుంది. ఆమె నాలుక మీద ఉండిపోయింది వేరే టమాటా. కారేపల్లి దగ్గరి తండాలో, వాళ్లమ్మ ద్వాలి పెరట్లో కాసే నాటు రకం. నున్నగా ఉండదు, గుమ్మడికాయలా గాట్లు గాట్లుగా ఉంటుంది. తోలు పలచన. కొరికితే రసం మోచేతి దాకా కారుతుంది, పులుపుకు ఒక కన్ను దానంతటదే మూతపడుతుంది.

మొన్న ఎండాకాలంలో మా అత్తమ్మ వచ్చి, చిన్న గుడ్డమూట విప్పి, చిటికెడు గింజలు కూతురి అరచేతిలో పోసింది. తండాలో ఇప్పుడు అందరిదీ పత్తి, మిర్చి. పెరళ్లలో కూడా షాపు నారే. కిందటేడు వానలకు ఆమె మొక్కలు కుళ్లిపోయాయి.

"ఇగ నా తాన లేవు బిడ్డా. ఇవి పోతే మన టమాట పోయినట్టే" అంది.

కవిత వాటిని పెరుగు కప్పుల్లో నాటింది. మొలక తల ఎత్తిన రోజు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. వీడియో కాల్! "చూసినవా?" అంటే చూశానన్నాను. నాకు కనబడింది మట్టి ఒక్కటే. భర్త అన్నవాడు ఇలాంటప్పుడు కళ్లను కాదు, భార్య గొంతును నమ్మాలి.

నారు పెరిగాక పక్కింటి శ్యామల గోడ అవతలి నుంచి అడిగింది. "కవితా, నాకో రెండు మొక్కలియ్యరాదూ? గోలెంల పెట్టుకుంటా."

"ఒక్క కాపు రానీ వదినా, తర్వాత చూద్దాం" అంది కవిత.

"తర్వాత చూద్దాం" అంటే ఏమిటో మీకూ తెలుసు, శ్యామలకూ తెలుసు. కుండీలు చాలక మిగిలిన నారు కప్పుల్లోనే వడలిపోయింది గానీ గోడ దాటలేదు. శ్యామల ఏమన్నా తక్కువా? ఆ రోజు నుంచి ఆమె కరివేపాకు చెట్టు మా వైపు ఒక్క రెమ్మ వంచితే ఒట్టు! ఇక కింద వాటాలో ఉండే మా ఓనర్ సీతయ్య, కుండీల నీళ్లు తన గోడలోకి దిగుతున్నాయని మాతో మాటలే మానేశాడు.

ఇంత ప్రశాంతంగా, ఎవరి గుమ్మంలో వాళ్లం బతుకుతున్న సమయంలో కోతులు వచ్చాయి.

వాటిని ఎవరు పిలిచారని అడగకండి. అడవిలో పండ్ల చెట్లు కొట్టి, "ఇక్కడేం లేదు, ఊళ్లోకి రండి" అని చెప్పింది మనమే. పిలిచిన చుట్టాలు వస్తే మొహం మాడ్చుకుంటారా ఎవరైనా?

వచ్చాయి, మొదటి పండ్లను పరీక్షించాయి. ఒక్కో పండునూ ఒక్కసారి కొరకడం, మొహం చిట్లించడం, దూరంగా విసిరేయడం. "ఇది కూడా పుల్లగానే ఉందా?" అని ఇంకోటి తెంపడం. ఇంత నిజాయితీగా క్వాలిటీ చెక్ చేసే డిపార్టుమెంటు నేనింతవరకు చూడలేదు!

నేను పులి బొమ్మ కొనితెచ్చి ట్యాంకు పక్కన కూర్చోబెట్టాను. మర్నాడు ఒక పెద్ద కోతి దాని వీపు మీద కూర్చుని టమాటా తింటోంది. ఫోన్‌లో కొండముచ్చు అరుపు పెట్టాను. కోతులు కదల్లేదు గానీ సీతయ్య కర్ర పట్టుకుని పైకి పరుగెత్తుకొచ్చాడు.

"కొండముచ్చు ఏదయ్యా?"

"ఫోన్ల ఉంది సార్."

నెలల తర్వాత మా మధ్య నడిచిన మొదటి సంభాషణ అది. చూశారా, మనుషులను కలపడంలో కోతులకున్న నైపుణ్యం!

చివరికి ఒక్క పండు మిగిలింది. కవిత దానికి పాత చున్నీ గుడ్డ చుట్టి, విత్తనానికని చెట్టునే పండనిచ్చింది. తిననంది, నన్ను తాకనివ్వనంది. ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి పైకి వెళ్లేసరికి, పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లికోతి గుడ్డ చింపుతోంది. కవిత చెప్పు విసిరింది, అరిచింది. కోతి పండు సగం కొరికి, మిగతాది గాల్లోకి విసిరి, గోడ దూకి పోయింది.

నేను పైకి వెళ్లేసరికి కవిత కుండీ పక్కన కూలబడి ఏడుస్తోంది. పెళ్లినాడు కూడా అట్లా ఏడవలేదు. ఫోన్ తీసి "యాడీ" అంది. తండా భాషలో అమ్మా అని. కోతి చేసిన పని వెక్కుతూనే చెప్పింది.  అవతలి నుంచి అత్తమ్మ గొంతు సవరించుకుని "పోనీ తియ్యి బిడ్డా" అంది. ఆ ఒక్క ముక్క అనడానికి ఆమె ఎంత బలం తెచ్చుకుందో నాకు కూడా వినబడింది. మీకు దండం పెడతాను, ఇక్కడ మాత్రం కోతులను పొగడమనకండి.

వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున్నే శ్యామల కేక.

"కవితా! మా సజ్జ మీద ఏందో మొలిచింది, చూద్దువు రా!"

కిటికీ మీది సజ్జలో పేరుకున్న దుమ్ములో గుబురుగా టమాటా మొలకలు. కవిత ఆకు నలిపి వాసన చూసింది. అదే నాటు టమాటా! ఇప్పుడు అడగాల్సింది ఆమె, ఇవ్వాల్సింది శ్యామల! "వదినా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. శ్యామల కాసేపు కావాలనే చూస్తూ నిలబడి, ఆ తర్వాత మట్టితో సహా ఒక గుప్పెడు నారు పెకిలించి చేతిలో పెట్టింది.

"తీస్కో. నాలుగు కరివేపాకు రెమ్మలు కూడా తెంపుకపో."

అప్పుడు వెతికితే సీతయ్య ప్రహరీ పగుల్లో, వెనక వీధి వాటర్ ట్యాంకు కింద, ఎక్కడ పడితే అక్కడ అదే మొక్క. "నా గోడల మొలిచింది, గింజలు కావాలంటే నన్నడగాలె" అని సీతయ్య మీసం దువ్వుతున్నాడు. ఈ మధ్య మాతో బాగానే మాట్లాడుతున్నాడు.

ఇంత జరిగాక కూడా వీధివాళ్లందరూ కలిసి కోతులు పట్టేవాణ్ని పిలిపిద్దామంటున్నారు. నేను ఒక్కణ్నే వద్దంటున్నాను. తొందరెందుకు, వాటితో మనకు ఇంకా పని ఉందేమో!

మొన్న కాపుకు అత్తమ్మ వచ్చింది. వీధి మొదట్నుంచీ ఇంటింటికీ ఆగి, గాట్ల గాట్ల కాయలను చేత్తో నిమురుతూ, కళ్లు తుడుచుకుంటూ నడిచింది. శ్యామల ఇంటి గుమ్మం దగ్గర ఆగి నన్ను అడిగింది.

"ఇన్ని ఇండ్లకు గింజలు ఎవలు పంచిండ్రు అల్లుడా?"

"కోతులు, అత్తమ్మా."

"మరి మీరేం చేసిండ్రు?"

కవిత శ్యామల వైపు చూసింది. శ్యామల సీతయ్య వైపు చూసింది. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా!

"మేమా అత్తమ్మా? మేం కోతులను తరిమినం."