గాజుతొట్టిలో పచ్చదనం

ఒక పెద్ద అడవిలో పనులకంటే పదవులే ఎక్కువగా ఉండేవి. వాటిలో ఎలుగుబంటి జుంటప్పది అన్నిటికన్నా హాయైన పదవి. ఆయన మద్దిచెట్టు పర్యవేక్షణాధికారి. ఆ చెట్టు నిండా తేనెపట్లు. పర్యవేక్షణంతా నాలుకతోనే సాగేది.

ఆ హాయికి ఒక గాజుతొట్టి అడ్డొచ్చింది. అడవి చివర బంగళాలో దిగిన మనుషులు పోతూ పోతూ దాన్ని వదిలేసి పోయారు. సింహరాజావారు చూసి ముచ్చటపడ్డారు. వానలకు ముందు పొరుగు అడవి పులిదొర విందుకు రానున్నాడు. ఆయనకు కళ్లు కుట్టేలా అందులో చేపలు తిరగాలి, నిజం మొక్కలు పెరగాలి అని హుకుం జారీ చేశారు. చుట్టూ చూస్తే ఖాళీగా కనిపించింది జుంటప్పే.

"మొక్కలు బతికితే మద్దిచెట్టు నీదే. చచ్చాయా, బోడిగుట్టకు బదిలీ చేస్తాను," అన్నారు రాజావారు.

బోడిగుట్ట రెండు అడవుల సరిహద్దులో ఉంది. సగం వీళ్లది, సగం వాళ్లది. అక్కడ చెట్టు లేదు కాబట్టి తేనెపట్టూ లేదు. ఆ పేరు వినగానే జుంటప్ప ఏటి వైపు పరుగు తీశాడు.

ఏట్లో రాళ్లను పట్టుకుని పెరిగే మొక్క ఒకటుంటే దాన్ని రాయి నుంచి ఊడబెరికి తెచ్చాడు. తొట్టిలో ఇసుక పోసి, గుంట తీసి, మెడలోతు పాతిపెట్టాడు. మొక్క అన్నాక పాతాలి అన్నదే ఆయనకు తెలిసిన శాస్త్రం. రాయి మీద బతికేదాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే పదవిలో ఆయన లేడు. అందానికి నాలుగు రాళ్లు పేర్చి, గుప్పెడు పరిగెచేపల్ని వదిలాడు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పని మొదలైన రోజే తనిఖీ కూడా మొదలవ్వాలి. తనిఖీ అధికారిణి కొంగ ధవళమ్మ. మొక్క ఎదుగుతోందో లేదో తేలాలంటే వేరు చూడాలని ఆమె పట్టుదల. రోజూ పొద్దున్నే వచ్చి, ముక్కుతో మొక్కను పీకి, వేరు చూసి, తల పంకించి, మళ్లీ ఇసుకలో గుచ్చి వెళ్లేది. ఆమె వెళ్లాక చూస్తే పరిగెలు ఒకటో రెండో తగ్గుతుండేవి.

జుంటప్ప అది గమనించాడు. అడుగుదామని నోరు తెరిచి, మద్దిచెట్టు గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఆకులు మెత్తబడి రాలిపోయాయి. ఆయన కంగారుపడి తొట్టిని ఎండలోకి, బండ మీదికి ఈడ్పించాడు. బలం చాలలేదేమోనని అడవిదున్న పేడ కలిపాడు. అదీ చాలలేదేమోనని ఇంకాస్త కలిపాడు. నీళ్లు పచ్చబడ్డాయి, తర్వాత చిక్కబడ్డాయి, చివరికి గాజుకు పాచి పట్టి లోపలేముందో ఎవరికీ కనిపించకుండా పోయింది. ధవళమ్మకూ కనిపించలేదు. ఒక్క పరిగె మిగిలింది ఆ పుణ్యాన్నే.

విందుకు ముందురోజు ఆ పరిగె నీళ్ల పైకి మూతి పెట్టి, గాలి మింగుతూ బతిమాలింది.

"దొరా, నాకీ పచ్చదనం వద్దు. కొంగమ్మగారు వచ్చినప్పుడు దాక్కోడానికి ఒక్క ఆకు ఇప్పించండి చాలు."

జుంటప్పకు నిజంగానే జాలేసింది. జాలితో పాటు బోడిగుట్ట కూడా కళ్లముందు కదిలింది. కాస్త ఓర్చుకోమనీ, పులిదొర వెళ్లాక దాని సంగతి తప్పకుండా ఆలోచిస్తాననీ చెప్పి పంపేశాడు.

పులిదొర వచ్చాడు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మొక్కలేవయ్యా?" అన్నాడు.

జుంటప్ప ధవళమ్మ వైపు చూశాడు. ధవళమ్మ ముందుకొచ్చింది.

"నీళ్లు వేరు, మొక్కలు వేరు అనుకోవడం పాత పద్ధతి, ప్రభూ. మా దగ్గర నీళ్లన్నీ మొక్కే."

మరి చేపలేవని ఆయన అడిగాడు. పచ్చదనం అంత ఏపుగా పెరిగాక చేపలెలా కనబడతాయని ఆమె వినయంగా నవ్వింది. రుజువుకని ముక్కు ముంచి, ఆకులు లేని మోడునొకదాన్ని బయటికి లాగింది. అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు. ఆమె చప్పున దాన్ని తొట్టిలోనే రాళ్ల మధ్యకు జారవిడిచింది.

పులిదొర ముగ్ధుడైపోయాడు.

"ఇంత పచ్చదనం నేనెక్కడా చూడలేదు. బోడిగుట్టలో మా సగం ఎండిపోయి ఏడుస్తోంది. ఈయన్ని మాకివ్వండి, దాన్నీ ఇలాగే చేయిస్తాను."

రాజావారి ఛాతీ ఉప్పొంగింది. అక్కడికక్కడే జుంటప్ప మెడలో దండ వేసి, ఉభయ అడవుల ప్రధాన పచ్చదనాధికారిగా ప్రకటించారు. జుంటప్ప కాళ్లమీద పడ్డాడు. తప్పు చేశాననీ, మొక్క ఎప్పుడో చచ్చిందనీ మొత్తుకున్నాడు.

"చూశారా ఎంత వినయమో," అన్నారు రాజావారు. "లేవయ్యా. ఇది బదిలీ కాదు, పదోన్నతి."

తనిఖీ లేకుండా పని ఉండకూడదు గనక ధవళమ్మనూ వెంట పంపారు. గుట్ట మీద నీళ్లు లేవని ఆమె చెప్పుకున్నా ఎవరూ వినిపించుకోలేదు.

తొట్టి అధికారి పదవి ఖాళీగా ఉండిపోయింది. వానలొచ్చాయి. తొట్టి నిండి పొర్లి, పచ్చనీళ్లూ పేడా కొట్టుకుపోయాయి. రాళ్ల మధ్య పడిన మోడును పీకేవాళ్లూ లేరు, పాతేవాళ్లూ లేరు. అది మెల్లగా రాయిని పట్టుకుని ఒక ఆకు తొడిగింది. పరిగె వచ్చి ఆ ఆకు కింద పడుకుంది.

నీతి: మొక్క బతకాలని ఉంటే, దాన్ని చూసుకునేవాడికి మంచి పదోన్నతి ఇచ్చి దూరంగా పంపాలి.