ఏంజెల్ దూడకు తలంటు

ఆ ఉదయం ఎబినేజర్ సారు అనుకున్న పని చిన్నదే. తెల్లవారుతూ ఈనిన ఏంజెల్ దగ్గరకు పాస్టర్ ప్రభు గారు వస్తారు, దూడకు ప్రార్థన చేస్తారు, వెళ్తారు. ఏంజెల్ అంటే ఆవు. ఆ పేరు సారు భార్య జోజమ్మ పెట్టింది. కన్నుమూసే ముందు, అప్పటికి పెయ్యగా ఉన్న దాని పలుపు ఆయన చేతికిచ్చింది. ఇది దాని తొలిచూలు.

దుమ్ముగూడెం దగ్గరి ఆ ఊళ్లో చంటిబిడ్డకు తలంటకుండా ఎవరూ ప్రార్థన చేయించరు. కాలేజీలో పాఠాలు చెప్పిన సారుకు దూడకైనా అదే మర్యాద అనిపించింది. ఏంజెల్ కుడితి తాగుతుండగా దూడను దొడ్డి వెనక్కు తీసుకెళ్లి, సబ్బుతో రుద్ది, తుడిచి, పౌడరు కూడా అద్దాడు.

తెచ్చి పొదుగు దగ్గర నిలబెట్టాడు. ఏంజెల్ వాసన చూసింది. కాలెత్తి తన్నింది.

దడి అవతల నుంచి పక్కింటి జంపక్క తొంగిచూసింది. "ఏంది సారూ, పెండ్లిచూపులకు తయారు చేసినవా?"

"ప్రార్థనకు, జంపక్కా. ముర్రుపాలు చుక్క తాగలే. తాగకుంటే బతుకుతదా ఇది? పిండుదామంటే నన్నూ తన్నుతాంది."

"సబ్బు వాసనకు ఎవరి బిడ్డనో తెచ్చినవనుకుంటాంది. బెల్లం, ఉప్పు పూయి. నాకకుండ యాడికి పోతది?"

సారు రెండూ చెంబెడు నీళ్లలో కలిపి దూడకు చెవుల నుంచి తోక దాకా పూశాడు. ఏంజెల్ మొహం తిప్పుకుంది. జంపక్క మేకలు మాత్రం తిప్పుకోలేదు. దడి సందుల్లోంచి దూరి దూడను నాకసాగాయి. అదిలించబోతే బెల్లం చెంబు సారు పంచె మీద ఒలికింది. సగం మేకలు ఆయన వైపు తిరిగాయి. వెనకే జంపక్క కుక్క కూడా వచ్చింది.

సరిగ్గా అప్పుడే పాస్టర్ గారు తడిక తీశారు. "ఏం జరుగుతోంది సార్?"

"తలంటు" అన్నాడు సారు, మోకాలి దగ్గరి మేకను నెడుతూ.

కుక్క నాలుక తగలగానే దూడ సన్నగా అరిచింది. ఏంజెల్ చెవులు నిక్కాయి. పలుపు పుటుక్కున తెగింది. మేకలు దడి దూకాయి, కుక్క జంపక్క వెనక దాక్కుంది, పాస్టర్ గారు గడ్డివాము ఎక్కారు. దూడకు అడ్డంగా నిలబడి ఏంజెల్ బెల్లం, ఉప్పు, పౌడరు అన్నీ నాకేసింది. దూడ తడబడుతూ పొదుగు అందుకుంది. తోక ఊగడం మొదలైంది.

"చూసినవా జంపక్కా" అన్నాడు సారు, అంటుకుపోతున్న పంచెతోనే ఛాతీ విరుచుకుని. "మా జోజమ్మ పెంచిన ఆవు. ఇందాక తన్నినప్పుడు కూడా దూడకు గిట్ట తగలనియ్యలే."

"అవ్, నీకే తగిలింది" అంది జంపక్క.

సారు పిక్క తడుముకున్నాడు. దాని గురించి కూడా కాస్త గర్వంగానే ఉంది.

ఏంజెల్ తలెత్తి గడ్డివాము వైపు చూసింది. పాస్టర్ గారు అక్కడి నుంచే కళ్లు మూసుకున్నారు. ఆయన జీవితంలో అంత క్లుప్తంగా ప్రార్థన ముగించింది అదొక్కసారే.