అట్ట పెట్టె చూసి మోసపోండి

ఆ గురువారం ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా మ్యూజియం చేరాలి. తనిఖీకి వచ్చే మేడమ్ కంట పడకుండా సాయంత్రం దాకా తన గదిలోనే కూర్చోవాలి. ఐదింటికి సూపరింటెండెంటు చేత తన బదిలీ కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇంటికి రావాలి.

పదకొండేళ్లుగా ఆయన రెండు బస్సులు మారి ఉద్యోగానికి వెళ్తున్నాడు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. నిలబడి నిద్రపోవడం, సరిగ్గా దిగాల్సిన చోట మెలకువ తెచ్చుకోవడం అన్న రెండు విద్యలూ ఆ దారిలోనే అబ్బాయి. మ్యూజియం వాళ్ల రికార్డుల ఆఫీసు ఒకటి ఆయన ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉంది. అక్కడో కుర్చీ ఖాళీ అయింది. దానికోసం పెట్టుకున్న అర్జీ నాలుగు నెలలుగా సూపరింటెండెంటు బల్ల మీద పేపర్‌వెయిట్ కింద ఊపిరాడక పడి ఉంది.

"తనిఖీ ఒక్క రిమార్కు లేకుండా గడిచిందా, ఐదింటికి సంతకం పెడతా. రిమార్కు పడిందా, ఆ ఫైలు ఊసు నా దగ్గర ఎత్తకు," అన్నాడు సూపరింటెండెంటు.

మ్యూజియంలో గుమాస్తా పని నోటీసులు టైపు చేయడం. అక్కడ ఉన్నవన్నీ పాత యంత్రాలూ పాత సామానూ. వాటిని జనం ముట్టుకోకుండా, ఎక్కకుండా, తిప్పకుండా కాపాడేది ఆయన నోటీసులే. తనిఖీ వస్తోంది కాబట్టి పసుపు పచ్చబడ్డ పాత నోటీసులన్నీ తీసేసి కొత్తవి పెట్టాలన్నారు. ప్రజలతో మర్యాదగా మాట్లాడాలని పై నుంచి కాగితం వచ్చింది కాబట్టి "తాకరాదు", "నిషేధం" లాంటి కరుకు మాటలు తీసేసి "తాకకండి", "చేయకండి" అని మెత్తగా రాయాలన్నారు. సరిగ్గా అప్పుడే ఆయన కీబోర్డు చచ్చిపోయింది. ఆఫీసు వాళ్లు కొత్తది ఇప్పించేలోగా తనిఖీ వచ్చి వెళ్లిపోతుంది. తనే ఒకటి కొనుక్కుందామనుకున్నాడు.

"మా తమ్ముడికి కంప్యూటర్ల షాపుంది కదండీ, రెండు వీధుల అవతలే," అంది భార్య.

"మీ తమ్ముడు కీబోర్డు ఇచ్చి ఊరుకోడు. కూర్చోబెట్టి నా జీవితం ఎలా బాగుచేసుకోవాలో చెబుతాడు. దాని బదులు ఆన్‌లైన్లో తెప్పిస్తా. నాలుగు వందల పన్నెండు మంది బాగుందని రాశారు."

"ముక్కూ మొహం తెలియని నాలుగు వందల మంది మాట నమ్ముతారు. ఇరవై ఏళ్లుగా ఎదురుగా ఉన్నదాన్ని, నా మాటకి మాత్రం ఒక్క నక్షత్రం కూడా వెయ్యరు."

ఆయన ఆ రివ్యూలన్నీ నాలుగు రోజుల పాటు బస్సులో నిలబడి, ఒంటి చేత్తో చదివాడు. "ప్యాకింగ్ అద్భుతం," అని నూట ఎనభై మంది రాశారు. "ఇప్పుడే వచ్చింది, ఇంకా విప్పలేదు, ఐదు నక్షత్రాలు," అని తొంభై మంది. "రంగు మా గోడకు నప్పింది," అని ఒకావిడ. "మా పిల్లి దీని మీదే పడుకుంటోంది," అని ఒకాయన. మీటలు నొక్కితే అక్షరాలు పడుతున్నాయా అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అంతమందికి అనుమానం రాలేదంటే పడుతున్నట్టే కదా అనుకున్నాడు గుమాస్తా.

కీబోర్డు సోమవారం వచ్చింది. ప్యాకింగ్ నిజంగానే అద్భుతం. ఆ అట్ట పెట్టెను భార్య అప్పుడే లాక్కుని అందులో కుట్టు దారాలు సర్దేసింది. పెట్టె లేనిదే సరుకు వాపసు తీసుకోరని ఆయనకు మర్నాడు తెలిసింది. మర్నాడే ఇంకోటి కూడా తెలిసింది. క కొట్టిన వెంటనే సున్న కొడితే ఆ కీబోర్డు క-ను మింగేస్తుంది. "సంతకం" అని కొడితే "సంతం" అని పడింది. "నమ్మకం" అని కొడితే "నమ్మం" అని పడింది. రెంటి మధ్య ఒక్క క్షణం ఆగితే మాత్రం బుద్ధిగా పడుతుంది.

మంగళవారం భోజనాల వేళ, అదే కీబోర్డు మీద, చదివేవాళ్లయినా బాగుపడాలని ఆయన ఒక రివ్యూ రాసి పంపాడు. నక్షత్రాల జోలికి పోలేదు. ముట్టుకోకపోతే వాటంతటవే ఐదూ వెలుగుతాయని ఆయనకు తెలియదు. బుధవారం ఇరవై ఆరు నోటీసులు టైపు చేశాడు. విరిగిన మాట కనిపించినప్పుడల్లా ఆగి దిద్దాడు. సూపరింటెండెంటు అన్నిటి మీదా ముద్ర కొట్టాడు. వాచ్‌మన్ సాయంత్రానికి అన్నీ అంటించేశాడు.

గురువారం పదకొండు గంటల దాకా పథకం చక్కగా నడిచింది. మేడమ్ వచ్చిందని, హాల్లోకి వెళ్లిందని వాచ్‌మన్ చెప్పి పోయాడు. గుమాస్తా తలుపు దగ్గరగా వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఫోను మోగింది.

"సార్, నమస్తే. కీబోర్డు కంపెనీ నుంచండి. థాంక్స్ చెబుదామని."

"దేనికి? నేను మిమ్మల్ని తిట్టాను కదా."

"భలేవారు సార్. మీ రివ్యూ పెట్టాక రెండ్రోజుల్లో అరవై పోయాయి. ఇన్నాళ్లకి మనసులో మాట రాసింది మీరొక్కరే అంటున్నారు జనం."

"ఏం రాశానట?"

"చదవమంటారా? 'అట్ట పెట్టె చూసి మోసపోండి. రివ్యూలు నమ్మండి. ఈ సరుకు తప్పకుండా తెప్పించండి.' ఆ మొదటి ముక్క ఉంది చూడండి, మోసపోండి అని. మా మేనేజరు దాన్ని ఫ్రేము కట్టించాడండి."

"మోసపోకండి అని రాశాను నాయనా. నమ్మకండి అని రాశాను. తెప్పించకండి అని."

"లేదండీ. మోసపోండి అనే ఉంది. అందరూ చదివారు."

గుమాస్తా కీబోర్డు వంక చూశాడు. "సంతం" తప్పు మాట, కంట్లో నలుసులా పొడుచుకుంటుంది. "మోసపోండి" తప్పు మాట కాదు. అచ్చమైన, ఆరోగ్యమైన మాట. దాని మీద నుంచి చూపు జారిపోతుంది. అలాంటి ఆరోగ్యమైన మాటలు నిన్న తను ఎన్ని టైపు చేశాడో లెక్కపెట్టబోయేంతలో, నలభై ఏళ్లుగా ఎవరూ ముట్టని పాత ఓడరేవు గంట హాల్లోంచి ఖంగున మోగింది.

ఆయన ఫోను బల్ల మీదే వదిలేసి పరిగెత్తాడు. పరుగు ఆయనకు అలవాటు లేదు. రెండో మలుపులో ఆయాసం వచ్చి నడిచాడు.

హాలు గుమ్మంలో మొదటి నోటీసు. "వస్తువులను తాకండి. ఫొటోలు తీయండి." దాని పక్కన గోడకు ఒక పెద్దాయన జారగిలబడి నిద్రపోతున్నాడు, ఆయన తలకు పైన "గోడకు ఆనుకోండి" అని నోటీసు ఉంది. పాత ఫైరింజను మీద తొమ్మిది మంది పిల్లలు. "పిల్లలను ఎక్కించండి." వందేళ్ల నాటి పళ్ల డాక్టరు కుర్చీలో ఒక బామ్మ నోరు తెరుచుకుని కూర్చుంటే మనవరాలు ఫొటో తీస్తోంది. మూలన భార్యాభర్తలిద్దరు పైకప్పు అదిరేలా పోట్లాడుకుంటున్నారు.

"కాస్త మెల్లిగా అండీ," అన్నాడు గుమాస్తా చేతులు జోడించి.

భర్త నోటీసు చూపించాడు. "గట్టిగా మాట్లాడండి అని మీరే రాశారు. ఇంట్లో ఎక్కడ కుదురుతుందండీ, మా అమ్మ ఉంటుంది."

"వారం నుంచి దాచుకున్నవి ఉన్నాయి, పూర్తి కానివ్వండి అన్నయ్యగారూ," అంది భార్య.

వాచ్‌మన్‌ను నలుగురు చుట్టుముట్టి ఒకటే ప్రశ్నలు. గుమాస్తాను చూసి ఏడుపు మొహం పెట్టాడు. "సిబ్బందిని విసిగించండి అని పెట్టారేంటి సార్. పొద్దున్నించి విసిగిస్తానే ఉన్నారు."

"అంటించేటప్పుడు చూసుకోవద్దా?"

"మీరు రాసిందాన్ని నేను చూసేదేంటి సార్. ముద్ర కూడా ఉంది."

గంట దగ్గర సూపరింటెండెంటు తెల్లబోయి నిలబడి ఉన్నాడు. "గంట కొట్టండి" అన్న నోటీసు కింద గంట తాడు పట్టుకుని ఉన్నది తనిఖీ మేడమే. గుమాస్తా కనపడగానే సూపరింటెండెంటు ఆయన జబ్బ పట్టుకుని ముందుకు తోశాడు.

"ఈయనేనండి. అంతా ఈయనే రాశాడు. నాకు ఏ సంబంధమూ లేదు."

గుమాస్తాకు రికార్డుల ఆఫీసు కుర్చీ కళ్ల ముందు కదిలి, మెల్లగా చేయి ఊపి వెళ్లిపోయింది. "కీబోర్డు వల్లనండి," అని మొదలుపెట్టాడు. "రివ్యూలు చూసి తెప్పించాను, అది క-ను..."

"ఆగండి," అంది మేడమ్. తాడు వదిలి చేతులు దులుపుకుంది. ఆవిడ కళ్ల కింద కూడా బస్సుల్లో తిరిగిన మనిషి అలసట ఉంది. "పందొమ్మిదేళ్లుగా మ్యూజియాలు తనిఖీ చేస్తున్నాను. అన్నిచోట్లా వద్దు, కాదు, కూడదు. మనుషులు నవ్వుతున్న మ్యూజియం ఇదొక్కటే చూశాను. అసలు దీన్ని మూసేయమని రాసి పెట్టుకొచ్చాను, తెలుసా? నిన్న మీ దగ్గరికి వచ్చింది పదకొండు మంది. ఇవాళ ఈ గంటలోనే మూడొందల మంది. ఒకళ్లు చూసి ఇంకోళ్లకి ఫోన్లు చేస్తున్నారు. ఎవరిదీ ఆలోచన?"

"నాదేనండి," అన్నాడు సూపరింటెండెంటు. "రాత మాత్రం ఈయనది."

"మిమ్మల్ని అడగలేదు. సంబంధం లేదన్నారు కదా." ఆవిడ గుమాస్తా వైపు తిరిగింది. "మీకేదో బదిలీ అర్జీ ఉందట?"

"ఉందండి," అన్నాడు గుమాస్తా. ఆయన గొంతులో ఆశ తల ఎత్తింది. "ఇంటి దగ్గరికి. పదకొండేళ్లుగా రోజూ నాలుగు గంటలు బస్సులోనే..."

"అది జరగదు. మీలాంటి మనిషిని వదులుకుంటే ఈ మ్యూజియం మళ్లీ మొదటికొస్తుంది. పదండి, ఇప్పుడే ఆర్డరు రాద్దాం. మీ గది ఎక్కడ?"

సూపరింటెండెంటు మొహంలో మొదటిసారి సంతోషం కనిపించింది. ముగ్గురూ గుమాస్తా గదికి వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఎన్ని బస్సులు ఎక్కి దిగినా రాని నీరసం ఆ కూర్చోవడంలో వచ్చింది. మేడమ్ వెనక నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"పై ఆఫీసుకు. ఈ ఉద్యోగి సేవలు అమూల్యం. బదిలీ చేయరాదు... ఉహూఁ, ఆ 'రాదు' వద్దు. మీ నోటీసుల్లోలాగా మర్యాదగా ఉండాలి. 'దయచేసి ఈయనను అడిగిన చోటికి బదిలీ చేయకండి.' అంతే రాయండి."

గుమాస్తా వేళ్లు మీటల మీద కదిలాయి. దయచేసి. ఈయనను. అడిగిన చోటికి. బదిలీ. చేయ. క మీద వేలు పెట్టాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగితే క బుద్ధిగా పడుతుంది. ఆ సంగతి ఈ గదిలో తనకు తప్ప ఎవరికీ తెలియదు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆయన చెప్పింది చెప్పినట్టు, ఎప్పుడూ ఒకే వేగంతో కొట్టాడు. ఇప్పుడు మాత్రం ప్రత్యేకంగా ఆగడం ఎందుకనిపించింది. ఆగలేదు.

కాగితం ప్రింటరు లోంచి వచ్చింది.

"ఒకసారి చదువుతారా మేడమ్?" అన్నాడు గుమాస్తా. అది ఆయన మనస్ఫూర్తిగానే అడిగాడు.

"మీరు రాశాక నేను చదివేదేంటండీ," అని ఆవిడ సంతకం పెట్టింది. సూపరింటెండెంటు దాని కింద ఇంకాస్త పెద్దగా, ఇంకాస్త గట్టిగా సంతకం పెట్టాడు. శనివారం పై ఆఫీసులో మూడో సంతకం పడింది. సోమవారం పొద్దున గుమాస్తా పదింటికి పది నిమిషాలుందనగా ఇంట్లోంచి బయల్దేరితే, ఏమీ మర్చిపోలేదు కదా అని భార్య రెండుసార్లు అడిగింది.

ఆ ఆర్డరు మీద మొత్తం మూడు సంతకాలున్నాయి, దాన్ని చదివింది మాత్రం టైపు చేసినవాడొక్కడే.