నికెల్‌కు బాలింత మర్యాద

ఆ గురువారం పొద్దున ఉచ్చీరప్ప అనుకున్నది చిన్న పనే. లారీలో వచ్చిన సరుకు దించుకుని, పది గంటల బస్సుకు భార్య హనుమంతమ్మతో ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోవాలి. ఆదోనిలోని ఆ పత్తిగింజల నూనె మిల్లులో అతను పన్నెండేళ్లుగా స్టోరుకీపరు.

ఒకే తీరు నీలం డ్రమ్ములు దిగుతుండగా కెమిస్టు మనస్విని వచ్చింది.

"అన్నా, ఈ లోడులో నికెల్ ఉంది. నూనెను వనస్పతిగా గట్టిపరిచే మందు అదే. పోయినసారి బాయిలర్ పక్కన మూత తీసి పెట్టినారు, దాని సత్తువంతా పోయె. ఎంతసేపు మరిగించినా నూనె నూనెగానే ఉండిపోయె. దానికి వేడి తగలగూడదు, తడి తగలగూడదు, గాలి తగలగూడదు. ఇదీ పాడైతే మన సెక్షనే మూసేస్తానన్నాడు సావుకారి."

"బాలింతను సూసుకున్నట్టు సూసుకుంటా మేడమ్" అన్నాడు ఉచ్చీరప్ప.

మిల్లులో ఏసీ ఉన్నది గెస్టురూములో ఒక్కచోటే. డ్రమ్మును అక్కడికి దొర్లించి, కంబళి కప్పి, తలుపు మూసి, బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. భార్యకు ఫోను చేశాడు.

"ఉరుకుందకు రాలేనే. ఈడ బాలింతకు కాపలా పడింది" అని నవ్వాడు. మిల్లు మోతలో ఆ నవ్వు ఆమెకు వినపడలేదు.

"బాలింతనా? యాడ్నుంచి వచ్చింది?"

"గుజరాతు నుంచి. లారీలో."

"అయ్యో పాపం! యాడ పెట్టినారు?"

"గెస్టురూములో. ఏసీ ఏసినా."

"బాలింతకు ఏసీనా! మతి ఉండాదా నీకు?"

ఆమె వెంటనే ఎమ్మిగనూరులో చెల్లెలింట్లో ఉన్న సావుకారి భార్య ఇందిరమ్మకు ఫోను చేసింది. "అమ్మా, మీ గెస్టురూములో ఎవరో బాలింతను పెట్టినారంట!"

గంట తిరిగేసరికి హనుమంతమ్మ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, నిప్పుల కుంపటితో, వేడినీళ్ల బిందెతో దిగింది. ఆ వెనకే ఎమ్మిగనూరు నుంచి ఇందిరమ్మ కారు వచ్చి ఆగింది. వేడీ తడీ కలిసి తన మీదికే నడిచి వస్తుంటే ఉచ్చీరప్ప స్టూలు మీంచి లేచాడు. తలుపుకు అడ్డంగా చేతులు చాపాడు.

"తలుపు తీయొద్దు! గాలి తగిలితే సస్తుంది!"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఇందిరమ్మ మాత్రం మెల్లగా అడిగింది. "లోపల ఎవరప్పా?"

"నికెలమ్మా!"

"నిఖిలమ్మనా? పేరు గూడా తెలుసునా మీకందరికీ!"

గోల విని సావుకారి బాలకృష్ణ పరుగున వచ్చాడు.

"ఎవరీ నిఖిలమ్మ?" అంది భార్య.

"నన్నడిగితే నాకేం తెలుసే?" అన్నాడాయన, నిజంగానే ఏమీ తెలియక. ఆ మాటతో ఆమెకు అనుమానం ఇంకా ముదిరింది. ఉచ్చీరప్పను పక్కకు నెట్టి తలుపు తోసింది.

చల్లటి గదిలో, కంబళి కప్పుకుని, డ్రమ్ము.

"ఇదా బాలింత!" అంది హనుమంతమ్మ. ఇందిరమ్మ మంచం మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆమె నవ్వాక సావుకారికీ ధైర్యం వచ్చి నవ్వాడు.

అప్పుడొచ్చింది మనస్విని. కంబళి తొలగించి లేబులు చదివింది.

"అన్నా, ఇది నికెల్ కాదు. నూనె రంగు తీసే మట్టి."

నవ్వులు ఆగిపోయాయి. అసలు డ్రమ్ము కోసం మిల్లంతా గాలించారు. హమాలీలు దాన్ని మూత గూడా కదపకుండా పాత రాతి గోదాము మూలకు, ఎండ సోకని పొడినేల మీదికి తోసేసి మరిచిపోయారు. సాయంత్రం దాన్ని వాడి చూస్తే, నూనె మూడు గంటల్లో వెన్నలా పేరుకుంది.

నికెల్‌కు తగలకూడనివి నాలుగని, నాలుగోది ఉచ్చీరప్ప శ్రద్ధ అని ఆ రోజు మిల్లులో అందరికీ తెలిసింది.