గుంజను నమ్ముకున్న కంచె

ఆ సోమవారం పొద్దున్నే రిటైర్డ్ సూపరింటెండెంటు గారు కాఫీ తాగి, పెరటి చుట్టూ చెక్క కంచె తానే స్వయంగా వేయాలని తీర్మానించారు. కారణం పక్కింటి ఆవు. అప్పటికి రెండుసార్లు పలుపు తెంపుకుని వచ్చి, భార్య పెంచిన చిక్కుడు పాదు మేసిపోయింది. "మూడోసారి ఒక్క ఆకు పోయిందా, ఈ ఇల్లు అమ్మేసి టౌన్లో మా చెల్లెలి పక్కవాటాలోకి వెళ్లిపోదాం" అని ఆవిడ తేల్చి చెప్పింది. ముప్పై ఏళ్లు కలలు కని కట్టుకున్న ఇల్లది. పైగా మరదలి నోటికి ఆయనకు చచ్చేంత భయం.

"ముందు నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు లాగండి సార్. గుంటలు ఆ తర్వాతే" అన్నాడు వడ్రంగి.

"ముప్పై ఏళ్లు స్కేలు పట్టినవాణ్ణి. నాకు గీత గీయడం నేర్పుతావా?" అని అతన్ని పంపేశారు.

దూరంగా ఒక గుంజ కనిపించింది. అది తన స్థలానికి హద్దేనని ఆయన అక్కడికక్కడే ఖాయం చేసేశారు. రోజూ పొద్దున నిన్నటి స్తంభం నుంచి ఆ గుంజకు తాడు కట్టడం, రెండు స్తంభాలు పాతి అడ్డకర్రలు కొట్టడం, ఎండెక్కగానే లోపలికెళ్లి గురక పెట్టడం. ఆయన గురక మొదలయ్యే వేళకి పక్కింటాయన ఆవును తెచ్చి ఆ గుంజకే కట్టేవాడు. సాయంత్రం గుంజను పీకి, మర్నాటికి పచ్చిగడ్డి ఉన్న చోట పాతేవాడు.

"ఏమండీ, కంచె వంకర పోతోందేమిటి?"

"భూమి గుండ్రంగా ఉంటుందని నువ్వు చదువుకోలేదా?"

తన గుంజ వెంటే కంచె నడిచి రావడం చూసి పక్కింటాయనకి కళ్లు చెమర్చాయి. అడగకుండానే తన ఆవుకి దొడ్డి కడుతున్న మహానుభావుణ్ణి ప్రశ్నలతో చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాడు. పన్నెండో రోజు మధ్యాహ్నం, ఇంకా మూయని సందులోంచి ఆవును లోపలికి తోలాడు. దొడ్డి ఉండగా పలుపెందుకని విప్పేశాడు కూడా.

సాయంత్రం సూపరింటెండెంటు గారు లేచి, నోట్లో మేకులు, మనసులో సన్మానసభ పెట్టుకుని, లోపలికి తొంగైనా చూడకుండా ఆ సందు మూసేశారు.

"వచ్చి చూడు! ఇక చీమ కూడా దూరలేదు!"

భార్య వచ్చి చూసింది. పందిరి కింద ఆవు చివరి చిక్కుడు తీగ నములుతోంది.

"కంచే చేను మేయడం విన్నాను గానీ, కంచె కట్టి మరీ వడ్డించడం ఇదే చూడ్డం. పదండి, సామాను సర్దుదాం."

ఇంతలో పక్కింటాయన చెంబుతో వచ్చాడు.

"బావగారూ, మీ రుణం తీర్చుకోలేను. చెల్లెమ్మా, దొడ్డి మీది గనక రోజూ సగం పాలు మీవే. మేత సంగతి మాత్రం మీరు చూసుకోవాలి."

అక్కడే పాలు పితికి ఇచ్చాడు. ఆవిడ చెంబులోని నురగను చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఇల్లు అమ్మొద్దు లెండి. ఆ కంచె మీద మాత్రం చెయ్యి వేశారో!"

మర్నాడు పొద్దున ఆవు కంచె లోపల తీరిగ్గా నెమరు వేస్తుంటే, సూపరింటెండెంటు గారు కంచె బయట గడ్డి కోస్తున్నారు.