బదిలీల మీట

ఇకమీదట బదిలీల కార్యాలయంలో ఎవరూ బుర్ర వాడనవసరం లేదనీ, ఆ బాధ్యతను కంప్యూటరు షీటు పైభాగాన వెలసిన మీటలకు అప్పగించడమైనదనీ నోటీసు బోర్డులో ఉత్తర్వు వెలువడింది. ఉద్యోగుల దినచర్యలో దీనివల్ల మార్పేమీ రాలేదు.

మొదటి మీటను పుట్టించింది మూడో బల్ల గుమస్తా. అప్పట్నుంచి ఆవిడ అందరికీ మీటమ్మ అయింది. బదిలీ దరఖాస్తులన్నీ షీటులో వరసకొకటి చొప్పున ఉంటాయి. ఎవరికెన్నేళ్ల సర్వీసుందో, కోరిన ఊళ్లో ఖాళీ ఉందో చూసి, చివరి గడిలో "మంజూరు" అనో "తిరస్కారం" అనో రాయాలి. చేత్తో చేస్తే వారానికి ఒకటో రెండో తెమిలేవి. ఆ లెక్కన మీటమ్మ సొంత దరఖాస్తు తెమిలేసరికి కూతురు బళ్లో చేరి రెండేళ్లయ్యేది. భర్తా కూతురూ వేరే ఊళ్లో ఉన్నారు. నాలుగేళ్ల ఆ పిల్లని "మీ అమ్మేదే?" అనడిగితే ఫోను చూపిస్తోంది.

అందుకని మీటమ్మ భోజనాల వేళ ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో మౌసు పట్టుకుని మాక్రోలు నేర్చుకుంది. మాక్రో అంటే మరేం లేదు. మనం ఒకసారి చేసిన పనిని కంప్యూటరు రికార్డు చేసుకుని, మీట నొక్కినప్పుడల్లా మారుమాట్లాడకుండా మళ్లీ చేస్తుంది. ఆ ఆఫీసులో మారుమాట్లాడని సిబ్బంది అదొక్కటే. ఆవిడ ఓ పచ్చ మీట తయారుచేసి టూల్‌బారులో పెట్టి నొక్కింది. నాలుగు వందల దరఖాస్తులు నాలుగు క్షణాల్లో తేలాయి. ఆవిడకీ "మంజూరు" అనే వచ్చింది.

సూపరింటెండెంటుగారు తక్షణం అన్నింటినీ రద్దుచేసి, మీట మీద మీటింగు పెట్టారు.

"ఈ ఆఫీసుకో గౌరవముంది. నాలుగేళ్ల పని నాలుగు క్షణాల్లో అయిపోతే, మిగతా కాలమంతా మనం దేన్ని ఆలస్యం చేయాలి? ఎవరైనా ఆలోచించారా?"

ఎవరూ ఆలోచించలేదు. చప్పట్లు కొట్టారు.

కానీ మీటంటే అందరికీ మోజు పుట్టింది. "మీటమ్మగారూ, నాకూ ఒకటి పెట్టండి. రెండో బల్లవాడి మీటకంటే కాస్త పెద్దది," అని హెడ్డుగుమస్తా బతిమాలాడు. ఆయన మీట నొక్కితే "సారు సీట్లోనే ఉన్నారు" అని తెర మీద పడుతుంది, సారు ఎక్కడున్నా సరే. రెండో బల్లాయన మీట "నిజంగా నొక్కారా?" అని అడుగుతుంది. నాలుగో బల్లాయన మీట "నొక్కారా అన్నందుకు నొచ్చుకున్నారా?" అని పరామర్శిస్తుంది. టూల్‌బారులో మీటలు బారులు తీరి, షీటు కిందికి జరిగి జరిగి, తెర మీద ఒక్క వరస మిగిలింది. మొత్తానికి వావీ వరసా లేని షీటైంది.

చివరికి సూపరింటెండెంటుగారు కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నా మీట నేనే రికార్డు చేస్తానమ్మా. ముప్పై ఏళ్ల అనుభవం అందులోకి దిగాలి."

దింపారు. మొదటి దరఖాస్తు తెరిచి, కిందికీ పైకీ రెండుసార్లు జరిపి, చివరి గడిలో "తర్వాత చూద్దాం" అని రాసి మూసేశారు. దాన్నే అన్ని వరసలకూ వర్తింపజేయించారు. ఎర్ర మీట నొక్కగానే నాలుగు వందల మందికీ "తర్వాత చూద్దాం" వచ్చింది. మీటమ్మకూ వచ్చింది. పైన చెప్పిన ఉత్తర్వు ఆరోజుదే. చేత్తో రాసింది చెల్లదు, మీట రాసిందే మాట.

మీటమ్మ ఏడవలేదు, ఏడవడానికి మీట లేదు గనక. మర్నాడు రికార్డింగు పెట్టి, తన దరఖాస్తున్న రెండువందల పన్నెండో వరస చివరి గడిలో "మంజూరు" అని కొట్టి, రికార్డింగు ఆపింది. దానికో నీలం మీట తగిలించి, "సూపరింటెండెంటుగారి దూరదృష్టి" అని పేరు పెట్టి, ఆయన్నే ప్రారంభించమంది. ఆయన దగ్గరగా చూడకుండా నొక్కి, వచ్చిన ఉత్తర్వు మీద సంతకం పెట్టారు.

"ఏమండీ, వచ్చేస్తున్నా!" అని భర్తకు ఫోను చేసింది.

"మళ్లీ తర్వాత చూద్దాం అన్నారా?"

"ఈసారి మీటే నొక్కి చెప్పిందండీ! పిల్లని ఫోను కింద పెట్టమనండి."

ఆవిడ వెళ్లింది. మీట మిగిలింది. రికార్డయింది గడి, మనిషి కాదు. నెలనెలా కొత్త జాబితా వస్తుంది. ఎర్ర మీట నొక్కుతారు, నీలం మీట నొక్కుతారు. రెండువందల పన్నెండో వరసలో ఎవరు పడితే వాళ్లకి బదిలీ.

అది దేనివల్లో ఎవరూ అడగలేదు. దరఖాస్తు ఏ రోజు, ఏ సిరాతో రాస్తే ఆ వరసలో పడతామో నేర్పడానికి మూడు శిక్షణా సంస్థలు వెలిశాయి. అక్కడ పడ్డవాళ్ల ఉదయపు అలవాట్ల మీద పుస్తకాలొచ్చాయి. యూనియనువారు ఆ వరసను ఇంకాస్త వెడల్పు చేయాలని ధర్నా చేశారు.

మొన్న బదిలీ అయినాయన వీడ్కోలు సభలో గొంతు సవరించుకుని, "కష్టపడితే ఎవరికైనా సాధ్యమేనని నిరూపించాను," అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది రెండువందల పదమూడో వరసవాడు, తన కష్టంలో ఎక్కడ లోపం జరిగిందా అని మనస్ఫూర్తిగా సిగ్గుపడుతూ.